వేడెక్కని వాల్వులు

నా వర్క్‌షాపు ఒక పాత భవనం అడుగున, సెల్లారులో ఉంది. పైన మూడంతస్తుల్లో పాటలవాళ్ళు గంటల లెక్కన తీసుకుని సాధన చేసుకునే గదులు. కింద నేను. వాళ్ళు పాడుచేసినవి బాగుచేస్తూ ఉంటాను. కిటికీలు లేవు. లైటు ఆర్పితే మిట్టమధ్యాహ్నం కూడా మన చెయ్యి మనకి కనపడదు. తొమ్మిదేళ్ళుగా అక్కడే ఉంటున్నాను కాబట్టి ఆ చీకటంటే నాకెప్పుడూ భయం వెయ్యలేదు.

నాకు తోడు మా పెదనాన్న. డెబ్బై రెండేళ్ళు. ఒకప్పుడు రేడియో మెకానిక్కు. నాకీ పని నేర్పింది ఆయనే. ఇప్పుడు చేతులు వణుకుతాయని సోల్డరింగ్ ఐరన్ ముట్టుకోడు గానీ, పొద్దున్నే టంచనుగా వచ్చి మూల కుర్చీలో కూర్చుని నేను చేసే ప్రతి పనికీ వంక పెడతాడు. ఆ వంకలు వినకపోతే నాకు పొద్దు గడవదు.

మా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి వాల్వులతో పనిచేసే గిటార్ ఆంప్లిఫయర్లు. పాత రేడియోల వెనక ఎర్రగా వెలిగే గాజు బుడ్లు ఉండేవి చూడండి, అవే వాల్వులు. గిటార్ వాయించేవాళ్ళు ఆ గొంతంటే పడిచస్తారు. కానీ కరెంటు దగ్గరికొచ్చేసరికి వాటంత తిండిపోతులు ఇంకోటి లేవు. గోడలోంచి నూట యాభై వాట్లు లాగుతాయి, పాటగా బయటికొచ్చేది మహా అయితే యాభై. మిగతాదంతా వేడి. ఏమీ వాయించకుండా ఊరికే ఆన్ చేసి పెట్టినా సరే, లోపలి తీగలు ఎర్రగా కాలుతూనే ఉండాలి.

"ఇది ఆంప్లిఫయరు కాదే అమ్మడూ, పాటలు పాడే కుంపటి," అంటాడు పెదనాన్న. చలికాలంలో మేమిద్దరం నిజంగానే వాటి ముందు చేతులు చాపుకుని కూర్చుంటాం.

ఎండలు మండిపోతున్న రోజు అది. పదకొండు గంటలప్పుడు ముప్పై ఏళ్ళ మనిషొకడు బరువైన చెక్కపెట్టెని రెండు చేతులా ఎత్తుకుని మెట్లు దిగాడు. వెనకే ఒకావిడ. అతను దిగి వచ్చేశాడు గానీ ఆవిడ ఆఖరి మూడు మెట్లు దిగలేదు. అక్కడే నిలబడిపోయింది. బయట కాలు కింద పెడితే బొబ్బలెక్కే ఎండ. ఆవిడ మాత్రం మెడ దాకా శాలువా కప్పుకుని ఉంది.

"మా అన్నయ్య సొంతంగా తయారుచేసుకున్న ఆంపండీ ఇది," అన్నాడతను పెట్టె బల్ల మీద పెడుతూ. "అన్నయ్య పోయి ఏడాదైంది. వచ్చే శనివారం ఆయన పేరు మీద పెద్ద హాల్లో కచేరీ పెడుతున్నాం. ఎనిమిది వందల మంది వస్తారు. అంతా బ్యాటరీల మీద నడపాలి. ఏ వస్తువు ఎంత కరెంటు తింటుందో రాసిమ్మని ఎలక్ట్రీషియన్ అడిగాడు. కాస్త కొలిచి పెట్టండి."

"అదెంత పని. నాలుగింటికి రండి, ఇచ్చేస్తాను."

"ఇంకో మాటండీ." గొంతు తగ్గించాడు. "గదిలో ఒక్కరున్నప్పుడు ఎంత, ఇద్దరున్నప్పుడు ఎంత... అది కూడా రాయండి."

నాకు నవ్వొచ్చింది. "మనుషుల్ని బట్టి కరెంటు మారదండీ."

"మారితే రాయండి." అతను నవ్వలేదు.

మెట్ల మీదున్న ఆవిడ అప్పుడు నోరు విప్పింది. "చూడమ్మా, ఆన్ చేశాక పైకి వచ్చెయ్. దాని దగ్గర కూర్చోకు."

"మా వదినండీ. అన్నయ్య పోయినప్పట్నుంచీ ఇలాగే భయపడుతోంది," అన్నాడతను.

 మరిది మెట్లెక్కి వెళ్తుంటే ఆవిడ పక్కకి ఒత్తిగిలి దారిచ్చి, పెట్టె వైపు ఒకసారి చూసి, తనూ వెళ్ళిపోయింది.

వెనక పలక విప్పాను. లోపలి పనితనం చూసి పెదనాన్న కూడా కుర్చీలోంచి లేచి వచ్చాడు. తల దువ్వి జడ వేసినంత పొందిగ్గా ఉన్నాయి తీగలు. టంకాలు ముత్యాల్లా ఉన్నాయి. వంక పెట్టడానికి ఆయనకేమీ దొరకలేదు.

"పోయినవాడు పనిమంతుడే," అన్నాడు. తర్వాత వంగి వాల్వుల వైపు చూశాడు. పెద్దవి నాలుగు. "వీటి మీద కంపెనీ పేరు లేదేమిటే? నంబరన్నా లేదు. ఎక్కడ దొరికాయి వీడికి?"

నేను స్పీకరు తీగ ఊడదీసి, దాని బదులు పరీక్షకి వాడే పెద్ద రెసిస్టరు తగిలించాను. ప్లగ్గుని వాట్ మీటరుకి పెట్టి స్విచ్చి నొక్కాను. నా లెక్క ప్రకారం ఊరికే ఉన్నప్పుడే వంద దాటాలి. తీగలు ఎర్రబడటానికే నలభై పైన కావాలి.

మీటరు ముప్పై ఒకటి దగ్గర ఆగింది.

వాల్వులు మాత్రం నాలుగూ చక్కగా వెలుగుతున్నాయి. సరే, పని చేయించి చూద్దామని పరీక్ష శబ్దం లోపలికి పంపి అవుట్‌పుట్ కొలిచాను. యాభై రెండు వాట్లు వస్తోంది. మీటరు వైపు చూశాను. ముప్పై ఒకటే.

"లోపలికి ముప్పై ఒకటి. బయటికి యాభై రెండు," అన్నాను.

"మీటరు చచ్చింది," అన్నాడు పెదనాన్న తేల్చేస్తూ.

మీటరుకి నా అరవై వాట్ల సోల్డరింగ్ ఐరన్ తగిలించాను. అరవై చూపించింది. మళ్ళీ ఆంపు పెట్టాను. ముప్పై ఒకటి.

"తిన్నదానికంటే ఎక్కువ కక్కే వస్తువు ఎక్కడన్నా ఉంటుందటే?" అన్నాడు గానీ, ఆయన గొంతులో వెనకటి ఎకసెక్కెం లేదు.

అప్పుడు నాకొకటి తోచింది. వాల్వు దగ్గర చెయ్యి పెట్టాను. మామూలుగా జానెడు దూరంలోనే సెగ కొడుతుంది. ఏమీ లేదు. ఇంకా దగ్గరికి జరిపాను. వేలితో గాజుని తాకాను... చల్లగా ఉంది. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన సీసాలా ఉంది. గాజు మీద సన్నటి నీటి చుక్కలు పట్టి ఉన్నాయి.

"ఫ్యాను కట్టెయ్యవే, చలేస్తోంది," అన్నాడు పెదనాన్న.

పని మీదున్నప్పుడు నేను ఫ్యాను వెయ్యను. అది ఆగే ఉంది.

పైన రిహార్సల్ గదుల మేనేజరు దగ్గర ఇంకో మీటరు ఉంటుంది. అది తెస్తానని చెప్పి పరుగెత్తాను. మెట్లెక్కుతుంటే ఎండ వేడి ఒంటికి తగిలింది. అప్పటిదాకా నాకెంత చలేసిందో అప్పుడు గానీ తెలియలేదు. పది నిమిషాల్లో తిరిగొచ్చేసరికి పెదనాన్న మీటరు ముందు నిలబడి ఉన్నాడు. చెయ్యెత్తి నన్ను మెట్ల మీదే ఆపాడు.

"అక్కడే ఉండు. నువ్వు పైకి వెళ్ళగానే ఇది డెబ్బై అయింది. ఇప్పుడూ డెబ్బయ్యే. ఒక్కో అడుగూ వేసి రా."

ఒక మెట్టు దిగాను. "అరవై రెండు," అన్నాడు. ఇంకో మెట్టు. "యాభై." గదిలోకి అడుగుపెట్టాను. ఆయన మీటరు ముందునుంచి పక్కకి జరిగాడు. నేనే వెళ్ళి చూశాను. ఇరవై ఎనిమిది.



"మనిషనేవాడు ఏ పనీ చెయ్యకుండా ఊరికే కూర్చున్నా వంద వాట్ల వేడి వదులుతాడే," అన్నాడు పెదనాన్న మెల్లగా. "ఒంటి వేడి. మనిద్దరిదీ కలిపితే రెండొందలు." ఆ మాట అని చేతులు రెండూ చంకల్లో దాచుకున్నాడు. దాచుకునేలోపే ఆయన గోళ్ళు చూశాను. నీలంగా ఉన్నాయి.

"కట్టెయ్, అమ్మడూ."

స్విచ్చి మీద వేలు పెట్టాను. కిందకి నొక్కాను. టిక్కుమంది.

సరిగ్గా అప్పుడే భవనం మొత్తానికి కరెంటు పోయింది.

లైటు ఆరింది. మీటరు ఆరింది. పైన ఎక్కడో డ్రమ్ములతో పాటు మోగుతున్న గిటారు ఆగిపోయింది. డ్రమ్ములు ఇంకో రెండు దెబ్బలు కొట్టి అవీ ఆగాయి.

వాల్వులు ఆరలేదు.

స్విచ్చి కట్టాక కూడా వాల్వు ఒక పది సెకన్లు వెలుగుతుంది. తీగ చల్లారేదాకా. అది నాకు తెలుసు. లెక్కపెట్టాను. పది... ఇరవై... ముప్పై... ఆ ఎర్రటి వెలుగు తగ్గలేదు. నెమ్మదిగా పెరిగింది. తర్వాత ఎరుపు పోయి నీలం వచ్చింది. నాలుగు గాజు బుడ్లలో నాలుగు నీలం చుక్కలు.

వేడెక్కిన వాల్వుల దగ్గర కాలిన దుమ్ము వాసన వస్తుంది. నాకది ఇంటి వాసన లాంటిది. ఇప్పుడు వస్తున్న వాసన అది కాదు. ఎన్నో నెలలు మూసిపెట్టిన ఫ్రిజ్ తలుపు తెరిస్తే గుప్పుమంటుందే... ఆ చల్లటి, మురిగిన వాసన.

తర్వాత స్పీకరులోంచి చప్పుడు మొదలైంది.

స్పీకరు తీగ నా చేత్తో నేనే ఊడదీశాను. అది పెట్టె పక్కన వేలాడుతూ నాకు కనపడుతూనే ఉంది. అయినా చప్పుడు వస్తోంది. ముందు సన్నటి రొద. తర్వాత ఆ రొద ఆగి ఆగి వచ్చింది. లోపలికి... బయటికి... లోపలికి... బయటికి...

ఊపిరి.

"పెదనాన్నా," అన్నాను. 

దగ్గు వినపడింది. నలభై ఏళ్ళు టంకం పొగ పీల్చిన దగ్గు, ముందు ఒకటి పొడిగా, వెంటనే రెండు తడిగా. ఆయన దగ్గే. ప్రాణం లేచొచ్చింది. ఆయన వైపు తిరిగాను.

నీలం వెలుగులో ఆయన నోరు గట్టిగా మూసి ఉంది. కళ్ళు తెరిచి వాల్వుల వైపే చూస్తున్నాయి. మళ్ళీ దగ్గు వినపడింది. ఆయన పెదవి కదల్లేదు. దగ్గు స్పీకరులోంచి వస్తోంది.

భుజం పట్టుకుని కుదిపాను. చొక్కా మీంచి కూడా చల్లదనం నా అరచేతికి అంటుకుంది. లాగాను. కదల్లేదు. ఆయన బక్కమనిషి, అయినా నా చేతుల్లో సత్తువ లేదు. వేళ్ళు సరిగా ముడుచుకోవడం లేదు. గోడ దగ్గరికి వెళ్ళి ప్లగ్గు పట్టుకుని పీకేశాను. ప్లగ్గు నా చేతిలో ఉంది. తీగ నేల మీద పడి ఉంది. పెట్టెకి ఇప్పుడు దేనితోనూ సంబంధం లేదు.

నీలం చుక్కలు ఇంకాస్త పెద్దవయ్యాయి.

మెట్ల మీద బూట్ల చప్పుడు. ఫోను లైటు ఊగుతూ కిందికి దిగింది. పొద్దున పెట్టె తెచ్చినతనే, నాలుగింటిదాకా ఆగలేకపోయినట్టున్నాడు. హమ్మయ్య, మనిషి తోడు దొరికాడనుకున్నాను. అతను గడప దాటగానే వాల్వులు భగ్గుమన్నాయి. అతని చేతిలో ఫోను ఆరిపోయింది. అతను కంగారుపడలేదు. నా వైపు చూడనైనా చూడలేదు. పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"అన్నయ్యా," అన్నాడు గుసగుసగా. "ముగ్గురం ఉన్నాం. ఇప్పుడు మాట్లాడు."

స్పీకరులో ఊపిరి ఆగింది.  తర్వాత స్పీకరు గుడ్డ కొద్దిగా వణికింది.

"ఇం... కా..."

అంతే. గుసగుస. ఆడో మగో తెలియని గొంతు. గుసగుసలో వయసు కూడా తెలియదు.

"ఇక్కడ ఇంతే ఉన్నారు అన్నయ్యా," అతను ఏడుస్తూ నవ్వుతున్నాడు. "శనివారం దాకా ఓపిక పట్టు. ఎనిమిది వందల మంది వస్తారు. ఎంతసేపైనా మాట్లాడొచ్చు. కడుపునిండా మాట్లాడుకుందాం."

ఎనిమిది వందల మంది. తలుపులు మూసిన హాలు. 

బల్ల కింద సుత్తి ఉంటుంది. వంగి తడిమాను. చేతికి తగిలింది గానీ వేళ్ళు పిడిని పట్టలేకపోయాయి. రెండు అరచేతుల మధ్యా ఇరికించుకుని లేచాను. అతను నా మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దండీ! మీకు దణ్ణం పెడతాను. ఇంట్లో పన్నెండు మంది చుట్టాలున్న రోజు నన్ను పేరు పెట్టి పిలిచాడండీ. మా అన్నయ్యండీ..."

"మా పెదనాన్న పోతున్నాడయ్యా!" అని అరిచాను. "ఆయన మొహం చూడు! ఒక్కసారి చూడు!"

చూశాడు. పెదనాన్న కనుబొమల మీద తెల్లగా ఏదో మెరుస్తోంది. మంచు. ఆ మొహంలో అతనికి ఏం కనపడిందో, ఎవరు కనపడ్డారో, నా మణికట్టు మీది పట్టు సడలిపోయింది. మొహం చేతుల్లో దాచుకుని నేల మీద కూలబడ్డాడు.

సుత్తి ఎత్తి కొట్టాను.

మొదటిది పగిలింది. స్పీకరులో ఊపిరి ఎగిసింది. రెండోది. మూడోది. ఒక్కో దెబ్బకీ చీకటి ఒక్కో అడుగు దగ్గరికి వస్తోంది. నాలుగో వాల్వులో వెలుగు అటూ ఇటూ కొట్టుకుంటోంది, సీసాలో చిక్కిన పురుగులా. కళ్ళు మూసుకుని కొట్టాను.

కళ్ళు తెరిచినా, మూసినా ఒకటే చీకటి. నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో నా పక్కనే... ముందు ఒకటి పొడిగా, వెంటనే రెండు తడిగా... పెదనాన్న దగ్గాడు. ఈసారి ఆయన ఛాతీలోంచి.

ఇద్దరం కలిసి ఆయన్ని మెట్ల మీదుగా మోసుకెళ్ళి ఎండలో, కాలిపోతున్న బండల మీద పడుకోబెట్టాం. దారినపోయేవాళ్ళు మమ్మల్ని పిచ్చివాళ్ళని చూసినట్టు చూశారు. ఆసుపత్రిలో డాక్టరమ్మ రెండుసార్లు థర్మామీటరు మార్చి చూసి, "ఈయన ఏదైనా కోల్డ్ స్టోరేజీలో ఇరుక్కుపోయారా?" అని అడిగింది. ఏం చెప్పను? అవునన్నాను.

సాయంత్రం వరండాలో బెంచీ మీద అతను కూర్చుని ఉన్నాడు. వాళ్ళ వదిన వచ్చింది. ఆవిణ్ణి చూడగానే అతని దుఃఖం కట్టలు తెంచుకుంది.

"ఈవిడ పగలగొట్టేసింది వదినా. అన్నయ్య ఇంక లేడు. రెండోసారి చంపేసింది."

ఆవిడ అతని పక్కన కూర్చుంది. తల నిమిరింది. చంటిపిల్లవాణ్ణి ఊరుకోబెట్టినట్టు చాలాసేపు నిమిరి అప్పుడు చెప్పింది.

"నేను ఆ గది తలుపు తీసేసరికి మీ అన్నయ్య ఒళ్ళో గిటారు పెట్టుకుని కూర్చునే ఉన్నాడు. ఇలాగే ఎండాకాలం. కనురెప్పల మీద మంచు గడ్డకట్టి ఉంది. డాక్టరు గుండె ఆగిందని రాశాడు. నిజమే మరి, ఆగింది."  "అందులోంచి మాట్లాడింది ఆయన కాదురా."

"నన్ను పేరు పెట్టి పిలిచాడు వదినా!"

"పదకొండేళ్ళు పక్కన పడుకున్నదాన్ని. ఆయన గుసగుస నాకు తెలియదూ?"

"మరి ఎవరు?"

 ఆవిడ శాలువా ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

కచేరీ జరిగింది, ఆ పెట్టె లేకుండానే. ఎవరికీ ఏమీ కాలేదు. పెదనాన్న ఐదో రోజు ఇంటికొచ్చాడు. వేళ్ళ చివర్లు ఇంకా మొద్దుబారే ఉన్నాయి గానీ, హాస్పిటల్ మంచం కిర్రుమంటోందనీ, నర్సులకి స్క్రూ బిగించడం రాదనీ వంకలు పెట్టడం మొదలెట్టాడు. అది చాలు నాకు.

ఆ మర్నాడు పట్టపగలు, నాలుగు లైట్లూ వేసుకుని, తలుపు బార్లా తెరిచి పెట్టి, సెల్లారు ఊడవడానికి దిగాను. గాజు పెంకులు బల్ల నిండా ఉన్నాయి. వాల్వు లోపల గాలి ఉండదు. గాలంతా పీల్చేసి మూత కరిగించి మూసేస్తారు. లోపలివైపు తల దగ్గర అద్దంలాంటి వెండి పూత ఉంటుంది. పగిలి గాలి సోకగానే ఆ పూత సున్నంలా తెల్లబడిపోతుంది. అలాంటివి వందల కొద్దీ చూశాను. చూడకుండానే చేటలోకి ఎత్తుతున్నాను.

ఒక పెద్ద పెంకు దగ్గర చెయ్యి ఆగింది.

తెల్లటి పూత మీద మచ్చలున్నాయి. లైటు దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. మచ్చలు కావు, వేలిముద్రలు. పక్కపక్కనే మూడు. రెండుసార్లు లెక్కపెట్టాను, మూడే. గీతలు కూడా స్పష్టంగా ఉన్నాయి. బయట నా వేళ్ళు తగిలుంటాయనుకుని రుద్దాను. పోలేదు. అవి లోపలివైపు ఉన్నాయి.

నా చిటికెన వేలు పక్కన పెట్టి చూసుకున్నాను. ఆ ముద్రలు దానిలో సగం కూడా లేవు. రెండేళ్ళో, మూడేళ్ళో ఉన్న పిల్లల వేళ్ళంత ఉన్నాయి.

పెంకుని కాగితంలో చుట్టి ఇంటికి పట్టుకెళ్ళాను. పెదనాన్నకి చూపించి, "మూడు వేళ్ళు, లోపలివైపు," అన్నాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, పెంకుని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత దాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, చేతులు వెనక్కి లాక్కున్నాడు.

"వేళ్ళు నాలుగున్నాయి కదే," అన్నాడు.